జ్వరం థర్మామీటరు చూపించేంత వేడి చాలు

ప్రశ్న: మా పెళ్లయి పన్నెండేళ్లు, ఇద్దరు పిల్లలు. ఏడాదిగా నేనూ మా వారూ సెక్స్ టాయ్స్ వాడుతున్నాం. ఒకటి గాజుది, ఒకటి సిలికాన్‌ది, ఇంకొకటి ఛార్జింగ్ పెట్టే వైబ్రేటర్. ఏసీ గదిలో అవి చల్లగా తగిలితే ఒళ్లు బిగుసుకుపోయి నొప్పి వస్తోంది. అందుకని మా వారు ఇంట్లో ఉన్నవాటితోనే వాటిని వేడి చేస్తున్నారు. మా చిన్నవాడి పాలసీసా వార్మర్, నా నడుంనొప్పి హీటింగ్ ప్యాడ్ వాడారు. ఒకసారి వ్యాక్స్ హీటర్ కూడా వాడారు. రైస్ కుక్కర్ 'కీప్ వార్మ్'లో పెడితే ఎలా ఉంటుందని ఇప్పుడు అడుగుతున్నారు. పోయిన నెల సిలికాన్‌ది చేతికి బాగానే అనిపించినా లోపల మంట పుట్టింది, రెండు రోజులు తగ్గలేదు. సిగ్గుతో డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. డబ్బా మీద చూస్తే 'మసాజర్' అని తప్ప ఏమీ లేదు. అసలు వేడి చేయడమే తప్పా? ఏ పరికరం మంచిది? మా వారికి షుగర్ ఉంది, వేడి చూసేది ఆయనే. ఇంకో టెన్షన్ ఏమిటంటే, ఆడపడుచు కాన్పుకి వస్తోంది, ఆ వార్మర్ తనకి ఇవ్వమని అత్తయ్య అంటున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: వేడి చేయడం తప్పేమీ కాదు. 24 డిగ్రీల ఏసీ గదిలో ఉన్న గాజు వస్తువుకీ, 37 డిగ్రీలుండే శరీరం లోపలి భాగానికీ మధ్య 13 డిగ్రీల తేడా ఉంటుంది. పైగా గాజు, స్టీలు ఒంట్లోని వేడిని గబగబా లాగేసుకుంటాయి కాబట్టి ఉన్నదానికంటే చల్లగా అనిపిస్తాయి. ఆ చలికి కటి కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. బిగుసుకున్న చోట నొప్పి పుడుతుంది. యోని కండరాలు వాటంతటవే బిగుసుకుపోయే ఇబ్బంది ఉన్నవాళ్లకు డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు డైలేటర్లు (యోని కండరాలను మెల్లగా వదులు చేసే గొట్టాల్లాంటి పరికరాలు) వాడమన్నప్పుడు కూడా వాటిని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి వాడుకోమని చెప్పడం మామూలే. మీరు చేసినదీ అలాంటిదే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వెచ్చగా ఉన్నా కూడా నొప్పి వస్తూనే ఉంటే మాత్రం దానికి కారణం చలి కాదు. అప్పుడు గైనకాలజిస్టుకు చూపించుకోవాలి.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట ఒకటుంది. 'చేతికి బాగానే అనిపించినా లోపల మంట పుట్టింది' అన్నారు. అది మీ అదృష్టం బాగాలేక జరిగింది కాదు. సిలికాన్ స్వభావమే అది.

సిలికాన్ వేడిని నెమ్మదిగా పట్టుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. బాగా వేడిగా ఉన్న వార్మర్‌లో పావుగంట ఉంచితే ఆ వేడి మధ్య దాకా దిగుతుంది. బయటికి తీసి, తుడిచి, ఓ నిమిషం గాలికి ఉంచేసరికి పైపొర చల్లారుతుంది. చెయ్యి పెట్టి చూస్తే హాయిగా వెచ్చగా ఉంటుంది. లోపలికి వెళ్లాక దానికి గాలి తగలదు, చల్లారే దారి ఉండదు. మధ్యలో దాగిన వేడంతా మెల్లగా పైకి వస్తుంది. చేతికి తెలిసిన వేడి ఒకటి, లోపల తగిలిన వేడి ఇంకొకటి అయింది అందుకే. యోని లోపలి పొర అరచేతి చర్మం కంటే చాలా సున్నితం. పురీషనాళం (మలద్వారం లోపలి భాగం) సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అంచు దగ్గర స్పర్శ బాగా తెలుస్తుంది కానీ, కొంచెం లోపలికి వెళ్తే నొప్పి, వేడి తెలిపే నరాలు చాలా తక్కువ. అక్కడ కాలుతున్నా వెంటనే తెలియదు.

ఎంత వేడికి ఎంతసేపట్లో చర్మం కాలుతుందో 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు లెక్క తేల్చారు. ఈరోజుకీ కాలిన గాయాల వైద్యంలో ఆ లెక్కలే చెప్పుకుంటారు. 60 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే 5 సెకన్లు చాలు. 49 డిగ్రీలైతే దాదాపు పది నిమిషాలు. 44 డిగ్రీల దగ్గర కూడా గంటల తరబడి తగిలి ఉంటే కాలుతుంది. ఇవి బయటి చర్మం లెక్కలు. లోపలి పొరలకు ఇంకా తక్కువ వేడే హద్దుగా పెట్టుకోవాలి.

అందుకే నేను చెప్పే హద్దు 40 డిగ్రీలు. మన ఇళ్లలో జ్వరాన్ని ఫారన్‌హీట్‌లో చెప్పుకుంటాం కదా, అందులో అయితే 104. నూట నాలుగు జ్వరం అంటే ఎంత వేడో పిల్లల్ని పెంచిన మీకు తెలుసు. అంతకు మించి అక్కర్లేదు. ఫారన్‌హీట్‌లో 100 నుంచి 102 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. శరీరం కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైనా వెచ్చదనం బాగా తెలుస్తుంది.

ఇక ఏ పరికరం మంచిదని అడిగారు. ఏదైనా వస్తువుని నీళ్లలో ముంచితే, ఆ నీళ్ల వేడి కంటే ఎక్కువ వేడి దానిలోకి ఎక్కదు. నీళ్లు 40 డిగ్రీలుంటే, గంటసేపు ఉంచినా దాని మధ్యభాగం 40 దాటదు. అప్పుడు టైము చూసుకోనక్కర్లేదు, లోపల దాగిన వేడి గురించి భయమూ అక్కర్లేదు. అదే సెల్సియస్‌లో 70 డిగ్రీలో 100 డిగ్రీలో ఉండే పరికరంలో పెడితే, సరైన క్షణంలో బయటికి తీయడం మీదే అంతా ఆధారపడుతుంది. ఇంట్లో వేరే పని కోసం కొన్న పరికరాలతో వచ్చే చిక్కంతా ఇదే. ప్రతిదానికీ తన పనికి తగ్గ వేడి ఉంటుంది, ఆ వేడి మీ శరీరానికి తగ్గది కాదు.

పాలసీసా వార్మర్‌నే చూడండి. పాలు త్వరగా వెచ్చబడాలంటే చుట్టూ ఉన్న నీళ్లు పాల కంటే ఎక్కువ వేడిగా ఉండాలి. మీటలో 40 అని ఉన్నా, అది పాలు చేరాల్సిన వేడి. చాలా వాటిలో ఆహారం వేడి చేయడానికి, స్టెరిలైజ్ చేయడానికి వేరే సెట్టింగులు కూడా ఉంటాయి. చీకట్లో చెయ్యి తగిలి మీట ఒక గీత జరిగితే లోపల ఆవిరే. పైగా హీటర్ అడుగున ఉంటుంది. అడుగుకు ఆనిన కొన బాగా కాలుతుంది, నీళ్లలో మునగని పైభాగం చల్లగానే ఉంటుంది. మీ వారు చల్లగా ఉన్న చివర పట్టుకుని 'బాగానే ఉంది' అనుకుని ఉండొచ్చు.

హీటింగ్ ప్యాడ్ బట్టల మీంచి నడుముకి పెట్టుకోవడానికి చేసింది. ఎక్కువ సెట్టింగ్‌లో కొన్ని 60 డిగ్రీల దరిదాపులకు వెళ్తాయి. దానిలో వస్తువుని చుట్టి దుప్పటి కప్పితే వేడి బయటికి పోక ఇంకా పెరుగుతుంది. తడిసిన వస్తువుని దానిలో చుట్టడం మరీ ప్రమాదం, లోపల ఉన్నది 230 వోల్టుల కరెంటు తీగ. ప్యాడ్‌తో ముందు ఒక పొడి తువ్వాలు వెచ్చబెట్టి, స్విచ్ ఆపి, ప్లగ్ తీసేసి, ఆ తువ్వాల్లో టాయ్‌ని చుట్టి పదినిమిషాలు ఉంచితే సరిపోతుంది. మీరు దాన్ని వదులుకోలేకపోతే ఇలా వాడుకోండి. రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్‌నీ ఇలాగే వాడొచ్చు. అందులో మరిగిన నీళ్లు కాకుండా స్నానానికి సరిపడే నీళ్లు పోయాలి.

వ్యాక్స్ హీటర్ వద్దు. దానిలో అంటుకున్న మైనం, జిగురు, వెంట్రుకలు ఎంత కడిగినా పూర్తిగా పోవు. రైస్ కుక్కర్‌లో 'కీప్ వార్మ్' అంటే అన్నంలో క్రిములు పెరగకుండా ఉంచే వేడి, 60 డిగ్రీల పైమాటే. పైన చూసిన లెక్క ప్రకారం 5 సెకన్ల వేడి అది. మైక్రోవేవ్‌లో ఒకచోట మండిపోతూ ఇంకోచోట చల్లగా ఉంటుంది. లోపల బ్యాటరీ, లోహం ఉంటే పేలొచ్చు. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్తున్నాను. అది నీళ్లలో ఉండగా ఎవ్వరూ ఏ కారణానికీ ఆ నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. ఐఎస్ఐ మార్కు ఉన్నా సరే. దాంతో కాచిన నీళ్లు వాడాలనుకుంటే స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్ బయటపెట్టాకే ముట్టుకోండి.

మరి ఏం చేయాలి? గీజర్ నీళ్లకు చన్నీళ్లు కలిపి ఒక లోతైన స్టీలు పాత్రలోనో వెడల్పు మూతి ఫ్లాస్కులోనో పోయండి. దీనికోసమే ఒక పాత్ర విడిగా పెట్టుకోండి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు చివరను నీళ్లలో ముంచి చూడండి. ఆ థర్మామీటర్లు దాదాపు 109 ఫారన్‌హీట్ వరకే చూపిస్తాయి. అది దాటితే అంకె బదులు హెచ్ అనే అక్షరం వస్తుంది. అక్షరం వచ్చిందంటే చన్నీళ్లు కలపాలని అర్థం. 102, 103 మధ్యకు వచ్చాక టాయ్‌ని ముంచండి. పాత పాదరసం థర్మామీటరుని మాత్రం వేడినీళ్లలో పెట్టకండి, పగిలిపోతుంది. స్టీలు, గాజు త్వరగానే వెచ్చబడతాయి. లావుగా ఉన్న సిలికాన్‌కి పదిహేను నిమిషాలు పడుతుంది, మధ్యలో నీళ్లు చల్లారితే ఇంకొన్ని వేడినీళ్లు కలపండి. అలా కలిపేటప్పుడు టాయ్‌ని బయటికి తీసి, మళ్లీ థర్మామీటరు చూశాకే ముంచాలి. అదే పాత్రలో లూబ్రికెంట్ (జారుడు కోసం రాసుకునే జెల్) సీసాని కూడా మూత బిగించి నిలబెట్టండి. చాలామంది మరిచిపోయే విషయమిది. వెచ్చని గాజు మీద చల్లని జెల్ పోస్తే చేసిన పనంతా వృథా. 'వార్మింగ్' అని రాసి ఉన్న జెల్‌లు వేరు. వాటిలో కొన్ని వేడి చేయవు, మంటలాంటి అనుభూతిని కలిగించే పదార్థాలు ఉంటాయి. ఒకసారి మంట పుట్టిన మీకు అవి వద్దు. కొబ్బరినూనె వాడే అలవాటుంటే, అది లేటెక్స్ కండోమ్‌ని పాడుచేస్తుందని గుర్తుంచుకోండి. సిలికాన్ టాయ్‌కి సిలికాన్ లూబ్ కూడా సరిపడదు, పైపొర జిగటగా మారొచ్చు. నీటి ఆధారిత లూబ్ అన్నిటికీ సరిపోతుంది.

బయటికి తీశాక తుడిచి, ముంజేతి లోపలివైపు ఆనించి పది లెక్కపెట్టండి. ఒక్కసారి తాకి వదిలేస్తే తెలియదు. మొదటి క్షణంలో హాయిగా ఉండి, పది దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తీసేయాలనిపిస్తే అది ఎక్కువ వేడి.

ఆ చెయ్యి మీది కావాలి, మీ వారిది వద్దు. షుగర్ చాలాకాలం ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతింటే వేడి, నొప్పి తెలియడం తగ్గిపోతుంది. మొదట పాదాల్లో, తర్వాత చేతుల్లో. అలా తగ్గిందని చాలామందికి చాలాకాలం తెలియదు. మీ వారికి అలా అయిందని నేను అనడం లేదు, కానీ మీ విషయంలో తప్పు జరిగే అవకాశం ఎందుకివ్వాలి? ఆయన పాదాల్లో తిమ్మిర్లు, మంటలు ఉన్నాయేమో అడగండి. ఉంటే డాక్టర్‌తో నరాల పరీక్ష చేయించండి. టాయ్ ఆయనకు వాడేటప్పుడు కూడా వేడి మీరే చూడండి. మెనోపాజ్ దాటినవాళ్లు, కాన్పు కుట్లు ఇంకా మానని వాళ్లు, వెన్నుపూసకు దెబ్బ తగిలినవాళ్లు కూడా ఇలాంటి జాగ్రత్తే పాటించాలి.

వైబ్రేటర్‌ని మాత్రం వేడి చేయకండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది. అలాంటి బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మరీ వేడెక్కితే ఉబ్బుతాయి, మంటలు కూడా రావొచ్చు. వాటర్‌ప్రూఫ్ అని ఉంది కదా అనొచ్చు. ఐపీఎక్స్7 అనే గుర్తు ఉంటే మీటరు లోతు మామూలు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. వేడినీళ్లకు ఆ హామీ వర్తించదు. వేడికి రబ్బరు సీలు వదులైతే నీళ్లు లోపలికి దిగుతాయి. దాన్ని రెండు చేతుల మధ్య కాసేపు పట్టుకున్నా, దుప్పటి కింద పక్కలో ఉంచుకున్నా చలి విరుగుతుంది, అది చాలు. లేదంటే తనంతట తానే వెచ్చబడే రకాలు ఉన్నాయి. శరీరం కంటే కొంచెం ఎక్కువ వేడి దగ్గర ఆగిపోయేలా వాటిని తయారు చేస్తారు. యూఎస్‌బీతో పనిచేసే వార్మింగ్ రాడ్లు కూడా దొరుకుతాయి. అవి లోపల ఖాళీగా ఉండే మగవాళ్ల టాయ్స్ కోసం. వాటిలో గరిష్ఠ వేడి ఎంతో రాసి ఉన్నదే కొనండి, పడుకునే ముందు ప్లగ్ తీసేయండి.

డబ్బా మీద ఏమీ లేదన్నారు. మన దేశంలో ఇవి ఎక్కువగా 'బాడీ మసాజర్' పేరుతోనే అమ్ముడవుతాయి, కస్టమ్స్‌లో ఆగిపోతాయన్న భయంతో. ఇలాంటి ఒక దిగుమతి కేసులో కస్టమ్స్ వాళ్ల జప్తు చెల్లదని 2024లో బొంబాయి హైకోర్టు చెప్పింది. అయినా పేరు దాచి అమ్మే అలవాటు పోలేదు. పేరు దాస్తే అది దేనితో చేసిందో, ఎంత వేడి తట్టుకుంటుందో కూడా దాగిపోతుంది, కొన్నవాళ్లు ఊహించుకోవాల్సి వస్తుంది. ఈ టాయ్స్‌లో ఏ పదార్థాలు వాడాలి, ఎలా తయారు చేయాలి అన్నదానిపై 2021లోనే ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. కొనేటప్పుడు ఆ నంబరు ఉందేమో చూడండి. లేకపోతే వాసన చూడండి. ఘాటైన ప్లాస్టిక్ వాసన, జెల్లీలా మెత్తగా, పట్టుకుంటే నూనె అంటినట్టు ఉంటే అది సిలికాన్ కాదు. పీవీసీయో, టీపీఈయో లాంటి మెత్తని ప్లాస్టిక్ అయి ఉంటుంది. అలాంటిది వేడికి మెత్తబడి ఆకారం పోగొట్టుకుంటుంది, దానిలో కలిపిన రసాయనాలు వేడి తగిలితే ఇంకా త్వరగా బయటికి వస్తాయి. దాన్ని 40 డిగ్రీల నీళ్లలో కూడా ఎక్కువసేపు ఉంచొద్దు, వీలైతే మార్చేయండి. మీ గాజుది చల్లని గదిలోంచి తీసి నేరుగా వేడినీళ్లలో వేయకండి. ముందు మామూలు నీళ్లలో ఉంచి, తర్వాత వెచ్చని నీళ్లు కలపండి. గోరు పెట్టి అంతటా రాసి చూడండి, చిన్న పలుకు తగిలినా పారేయాలి.

ఒక విషయంలో మాత్రం వేడి పెంచాలి. అది శుభ్రం చేసేటప్పుడు. మోటారు, బ్యాటరీ లేని పూర్తి సిలికాన్, స్టీలు టాయ్స్‌ని సబ్బుతో కడిగి ఐదు నిమిషాలు మరిగించొచ్చు. గాజుదైతే బోరోసిలికేట్ (వేడికి పగలకుండా తట్టుకునే గాజు) అని కచ్చితంగా తెలిస్తేనే మరిగించండి. మరిగించినదాన్ని పూర్తిగా చల్లారనిచ్చి, ఆరబెట్టి దాచండి. వాడే ముందు మళ్లీ కడిగి వెచ్చబెట్టుకోవాలి. వెచ్చబెట్టే నీళ్లు క్రిములను చంపవు, పెంచుతాయి. పెరుగు తోడుకునే వేడి అది. అందుకే సాయంత్రమే నీళ్లలో వేసి రాత్రికి తీయడం లాంటివి వద్దు. ఒకరు వాడాక ఇంకొకరు వాడాలన్నా, వెనక వాడినది ముందు వాడాలన్నా మధ్యలో సబ్బుతో కడగాలి, లేదా కండోమ్ మార్చాలి.

పోయిన నెల మంట రెండు రోజుల్లో తగ్గిందంటే పైపొర కమిలి మానిపోయి ఉంటుంది. ఇప్పుడు మూత్రానికి వెళ్తే మంట, దుర్వాసనతో తెల్లబట్ట, కలయికలో కొత్తగా నొప్పి, రక్తపు మరక, వీటిలో ఏది ఉన్నా ఈ వారమే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మళ్లీ ఎప్పుడైనా కాలితే బయటి భాగం మీద కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు మెల్లగా పారనివ్వండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, నూనె ఏవీ రాయొద్దు. లోపలికి నీళ్లు చిమ్మొద్దు. బొబ్బ వచ్చినా, రక్తం వచ్చినా, లోపల కాలిందని అనిపించినా అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి. వెనకవైపు కాలి కడుపునొప్పి, జ్వరం వస్తే రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. డాక్టర్‌కి 'వేడి వస్తువు లోపల తగిలింది, ఇన్ని గంటలైంది' అని చెప్తే చాలు. అది ఏ వస్తువో, ఎందుకో వివరించనక్కర్లేదు. వాళ్లకు వైద్యం చేయడానికి కావాల్సినది ఆ ఒక్క వాక్యమే. సిగ్గుతో అది మింగేసి 'ఇన్ఫెక్షన్ అనుకుంటాను' అని చెప్తే మందు తప్పుతుంది.

వార్మర్ సంగతి. ఆడపడుచుకి ఇవ్వకండి. దాని ప్లాస్టిక్ తొట్టిలో గీతలుంటాయి, వాటిలో చేరినవి తుడిస్తే పోవు, కరెంటు పరికరం కాబట్టి మరిగించలేరు. పసిబిడ్డ పాలసీసా దానిలో పెట్టడం సరికాదు. 'అది పాతబడింది అత్తయ్యా, పసిబిడ్డకి కొత్తది నేనే కొనిస్తాను' అనండి, ఆ మాట నిజమే కదా. మొదటి ఆరు నెలలు తల్లిపాలే చాలని డాక్టర్లు చెప్తారు కాబట్టి, కొత్తది కొనడానికి తొందర కూడా లేదు.